కోరుట్ల మడిలో మూడు యాంటెనాలు

ఎనభైల చివర్లో ఒక కార్తీక మాసంలో నన్ను హైదరాబాదు నుంచి సిరిసిల్లకు తాత్కాలిక విధుల మీద పంపారు. అప్పటికి నేను వైర్‌లెస్ తరంగాలను కనిపెట్టి చూసే ఒక ప్రభుత్వ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరును. మా పని గురించి బయటివాళ్ళకు తెలిసింది తక్కువ. గాలిలో ఎవరి తరంగం ఎవరి దారికి అడ్డం పడుతోందో వెతకడం, కొలవడం, ఆపించడం, అంతే. మోటారు కానివ్వండి, వెల్డింగు యంత్రం కానివ్వండి, ట్యూబులైటు కానివ్వండి, తన పని తాను చేసుకోవాలి గానీ పక్కదాని చెవిలో జోరీగలా దూరకూడదన్నది సూత్రం. నా స్నేహితురాళ్ళు బ్యాంకుల్లో, బడుల్లో పనిచేసి సాయంత్రం మనుషుల మీద విసుక్కుంటూ ఇల్లు చేరేవారు. నేను రోజంతా హెడ్‌ఫోన్ పెట్టుకుని గరగర విని వచ్చేదాన్ని. ఎవరేమనుకున్నా, నాకు అదే హాయి.

సిరిసిల్ల పోలీసు వైర్‌లెస్‌లో ఏదో చప్పుడు వస్తోందని ఫిర్యాదు. మామూలు గరగర కాదు, లయ ఉన్న చప్పుడు. టక్కు టక్కు టక్కు అని కొట్టి, కాసేపు ఆగి, మళ్ళీ మొదలు. కోనరావుపేట వైపు అడవి అంచు ఊళ్ళలో నక్సలైట్ల దళాలు తిరుగుతున్నాయని జనం గొంతు తగ్గించి చెప్పుకునే రోజులవి. అలాంటి రోజుల్లో లయ ఉన్న ఏ చప్పుడైనా అనుమానమే. పోలీసులు దాన్ని రహస్య సంకేతం అనుకున్నారు. నాకంటే ముందు మా శాఖ నుంచే ఒక అధికారి వచ్చి కొలిచి, ఇది ఒకటి రెండు వాట్ల ట్రాన్స్‌మిటరు అయి ఉండాలని రిపోర్టు ఇచ్చి వెళ్ళాడు. ఒకటి రెండు వాట్లంటే ఇంట్లో బల్బు ముందు లెక్కలోది కాదు గానీ, ఎత్తయిన చోటు దొరికితే దానితో ఒక గుట్ట మీది నుంచి ఇంకో గుట్ట మీదికి మాట్లాడుకోవచ్చు.

ఆ రిపోర్టు వచ్చిన కొద్దిరోజులకే కోరుట్లలో యూసుఫ్ అనే రేడియో మెకానిక్‌ను తీసుకెళ్ళారు. అరెస్టు చేశారని అనను, ఎందుకంటే ఏ స్టేషనులోనూ అతని పేరు ఎక్కలేదు. జగిత్యాల బయట వాడకంలో లేని ఒక పాత బంగళాలో ఉంచారని అందరికీ తెలుసు, అక్కడెవరూ లేరని అందరూ చెప్పేవారు. అతని నేరమల్లా సిరిసిల్లలో చాలా ఇళ్ళకు టీవీ బూస్టర్లు చేసి అమ్మడం. దూరదర్శన్ బొమ్మ ఆ ఊళ్ళకు ఎక్కడినుంచో ఈదుకుంటూ వచ్చేది. పొడుగాటి గొట్టానికి యాంటెనా కట్టి, దాని కింద బూస్టరనే డబ్బా పెడితే తప్ప మనుషుల ముఖాలు మంచులోంచి బయటికి వచ్చేవి కావు.

నాతో వచ్చిన టెక్నీషియన్ రాజేశం బుగ్గారం మనిషి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాడు, నోరు ఊరుకోదు. సిరిసిల్లలో జీపు దిగగానే, "మేడం, గీ ఊర్లె గా చప్పుడు పట్టుకునుడంటే చెరువుల నీళ్ళు పట్టుకున్నట్టే. ఊరంత చప్పుడే" అన్నాడు. నిజమే. పవర్‌లూములను అక్కడ సాంచాలంటారు. ఏ సందులోకి వెళ్ళినా సాంచాల మోత. మొదటిరోజు తల పగిలిపోతుందనుకున్నాను. రెండో రోజుకు అది చప్పుడులా కాక వాతావరణంలా అయిపోయింది. పొద్దున మంచు పట్టిన సందుల్లో ఆ మోత మధ్య నడుస్తుంటే, ఎవరో గాఢ నిద్రలో ఊపిరి తీస్తుంటే ఆ ఊపిరి లోపల నడుస్తున్నట్టు ఉండేది.

హెడ్‌ఫోన్ పెట్టుకుంటే బయటి మోత పోయి లోపలి సముద్రం మొదలవుతుంది. అందులో సన్నని ఈల ఒకటి, ఆ ఈల మీద టక్కు టక్కు. చేతి యాంటెనా తిప్పుకుంటూ ఈల ఎటు పెరిగితే అటు నడిచాం. స్టేషనుకు రెండు సందుల అవతల లక్ష్మీరాజం అనే ఆసామి ఇంటి ముందు ఆగాం. ఆసామి అంటే సొంతంగా నాలుగు సాంచాలు పెట్టుకుని నడిపేవాడు. ఇంటి వెనక కార్ఖానా, ఇంటి మీద పొడుగాటి టీవీ గొట్టం, దానికి యూసుఫ్ బూస్టరు.

సాంచాలు ఆపించాను. టక్కు టక్కు ఆగింది, ఈల మిగిలింది. బూస్టరు తీయించాను. ఈల కూడా పోయింది. సంగతి ఇంతే. బూస్టరు పని బలహీనమైన సంకేతాన్ని పెంచడం. కుదురుగా కట్టకపోతే అది తన గొంతు తానే విని, దాన్నే పెంచి, పెంచినదాన్ని మళ్ళీ విని, చివరికి తానే చిన్న ట్రాన్స్‌మిటరై కూర్చుంటుంది. మైకు ముందు స్పీకరు పెడితే కూత వస్తుంది చూడండి, అదే. సాంచె ఒక్కో దెబ్బ కొట్టినప్పుడల్లా కరెంటు కొద్దిగా కుంగుతుంది, దానితోపాటు ఈలా కుంగుతుంది. పోలీసులు విన్న రహస్య సంకేతం లక్ష్మీరాజం నేయిస్తున్న పాలిస్టర్ గుడ్డ.

లక్ష్మీరాజం ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నాకేం దెల్వది మేడం. పోరగాండ్లు టీవీ టీవీ అని పానం దీస్తుంటే పెట్టిచ్చిన. ఇగ ఆ డబ్బనే వద్దు, మీరే తీస్కపోండ్రి" అని రెండు చేతులా నాకు అందించాడు.

ఇంకేం, పని అయిపోయిందనుకున్నాను. డీఎస్పీ ముందు బూస్టరు పెట్టి వివరించాను. ఆయన నెమ్మదస్తుడు, చదువుకున్నవాడు, చివరిదాకా మర్యాదగా విన్నాడు. విని, ఒకే ప్రశ్న అడిగాడు. ఈ డబ్బా ఒకటి రెండు వాట్లు ఇవ్వగలదా? ఇవ్వలేదన్నాను. అయితే మీ శాఖ రిపోర్టు ప్రకారమే అసలు సెట్టు వేరే ఉంది, దాని పని ఈ డబ్బా చాటున నడిచింది, మేము వెతుకుతున్నామని తెలిసి ఆపేశారు అన్నాడు. మా రిపోర్టే నా ముందు గోడలా నిలబడింది.

తర్వాత ఆయన తలుపు దగ్గరకు వేసి, కూర్చోకుండానే చెప్పాడు. యూసుఫ్ తన చేతిలో లేడు, వేరే బృందం దగ్గర ఉన్నాడు. ఇంకో మూడు రోజులకు డంపు చూపించడానికి అతన్ని అడవికి తీసుకెళ్తారు. డంపు అంటే పాతిపెట్టిన ఆయుధాలు. ఆ మాటకు ఆ జిల్లాలో అర్థం చెప్పక్కర్లేదు. అలా చూపించడానికి వెళ్ళినవాళ్ళ గురించి మర్నాడు పేపర్లో ఎదురుకాల్పులని వచ్చేది. "నాకు కథలు వద్దు మేడం, అంకె కావాలి. అంకె ఉంటే పైవాళ్ళతో మాట్లాడగలను" అన్నాడు డీఎస్పీ.

అంకె ఎక్కడినుంచి వస్తుందో కొంచెం చెప్పాలి. యాంటెనా గాలిలోని తరంగాన్ని పట్టి మీటరుకు అందిస్తుంది. ఎంత పట్టి ఎంత అందిస్తుందన్నది ఒక్కో యాంటెనాకు ఒక్కోలా ఉంటుంది. దాన్ని ముందే కొలిచి పట్టిక కట్టడాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. మీటరు చూపిన దానికి పట్టికలోని లెక్క కలిపితేనే అసలు తరంగం బలం తెలుస్తుంది. మా శాఖ యాంటెనా విదేశీ సరుకు, పట్టిక కూడా దానితోపాటే వచ్చింది. ముందు వచ్చిన అధికారి వాడిందీ అదే, నా చేతిలో ఉన్నదీ అదే.

కానీ దాని కడ్డీలు విదేశీవి కావు. చేత్తో తడిమితేనే తెలుస్తుంది, అవి మన బజారు అల్యూమినియం గొట్టాలు. రాజేశాన్ని అడిగితే, ఎప్పుడో జీపు మీంచి పడి విరిగితే మా వర్క్‌షాపులోనే బాగుచేశారని, నడుము దగ్గర ఉండే డబ్బా లోపల కూడా ఏదో పని చేశారని గుర్తుచేసుకున్నాడు. మళ్ళీ క్యాలిబ్రేట్ చేశారా అంటే, ఎందుకు చేస్తారన్నట్టు చూశాడు. మా శాఖలో ఒక ఆచారం ఉండేది. పిడి మీద స్టోర్సు వాళ్ళు రంగుతో రాసిన నంబరు చెరగనంత కాలం వస్తువు అదే వస్తువు. కడ్డీలు మార్చినా, కాళ్ళు మార్చినా, కడుపు మార్చినా నంబరు అదే, కాబట్టి పట్టికా అదే. ఈ తర్కానికి నవ్వాలో ఏడవాలో తెలియక ఆ సాయంత్రం నేను మా ప్రభుత్వాన్ని తిట్టిన తిట్లు రాజేశం రిటైరయ్యేదాకా అందరికీ చెప్పుకున్నాడు.

సరైన ప్రయోగశాలకు పంపి తెప్పించుకోవాలంటే మామిడి పూత వస్తుంది. నా చేతిలో ఉన్నది రెండు రోజులు. అప్పుడు చదువుకున్న రోజుల నాటి మూడు యాంటెనాల పద్ధతి గుర్తొచ్చింది. సంతలో మూడు పసుపు మూటలున్నాయనుకోండి. దేని బరువూ తెలియదు. రెండేసి మూటలు కలిపి తూచాలి. ఒకటీ రెండూ, రెండూ మూడూ, మూడూ ఒకటీ. ఆ మూడు తూకాలతో ఒక్కో మూట బరువు దానంతటదే తేలుతుంది. యాంటెనాలూ అంతే. ఒకటి పంపుతుంటే ఇంకోటి అందుకోవాలి, జత మార్చుతూ మూడుసార్లు కొలవాలి. మూడింటిలో ఒక్కదాన్నీ నమ్మాల్సిన అవసరం లేదు. నాకు కావలసిందల్లా ఇంకో రెండు యాంటెనాలు, చుట్టుపక్కల ఇనుము, కరెంటు తీగలు లేని చదునైన నేల.

గొట్టాల కోసం కోరుట్ల వెళ్ళాం. ఆ చుట్టుపక్కల టీవీ యాంటెనా గొట్టాలు దొరికే మంచి దుకాణం ఒక్కటే, అది యూసుఫ్‌ది. అతని భార్య షాహిదా షటరు ఎత్తింది. లోపల అరల నిండా పొట్ట విప్పిన రేడియోలు. పొద్దుటి ఎండ వాటి మీద పడి లోపలి తీగలు బంగారంలా మెరుస్తున్నాయి. ఎక్కడో ఒక సెట్టు ఆపడం మరిచిపోయినట్టున్నారు, చాలా మెల్లగా ఉర్దూలో ఏదో పాడుతోంది. బల్ల కుడివైపు మేకుకు ఒంటి చెవి ఇయర్‌ఫోన్ వేలాడుతోంది. నేను దాన్ని చూస్తుంటే షాహిదా, "కుడి చెవు రేడియోకు, ఎడమ చెవు నాకు అంటడు మేడం. గందుకే నన్నెప్పుడు గీ దిక్కే కూసోబెడ్తడు" అని ఎడమవైపు స్టూలు చూపించి నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఎందుకొచ్చామో దాచకుండా చెప్పాను. ఆమె గొట్టాలన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. పెట్టి, "ఇవి మా ఆయిన మీదనే సాక్ష్యం చెప్తయా?" అని అడిగింది. ఏం చెప్తాయో నాకూ తెలియదన్నాను. నిజంగానే తెలియదు. పాత పట్టికే సరైనదని తేలితే యూసుఫ్‌కు నేనే ఉరి బిగించినట్టు అవుతుంది. ఆమె గొట్టాలు నావైపు జరిపింది. "చెప్పనీయిండ్రి. మా ఆయినకు అడవంటెనే భయం ఆపా. మామిడితోటకు గూడ ఒక్కడు పోడు. గసుంటోడు డంపు ఏడ చూపిస్తడు?" అంది. మేడం పోయి ఆపా అయింది, అంటే అక్క. గొట్టాలు ఎత్తుకుని బయటికి వచ్చేశాను.

డీఎస్పీ అడ్డం తిరుగుతాడనే అనుకున్నాను, తిరిగాడు. నిందితుడి దుకాణం సరుకుతో నిందితుడి తప్పొప్పులు తేలుస్తారా అన్నాడు. పసుపు మూటల సంగతి చెప్పాను. ఆ గొట్టాలు దొంగవైనా దొరవైనా నాకు ఒకటే, అవి అబద్ధం ఆడినా మూడు జతల లెక్కలో అదీ బయటపడుతుంది అన్నాను. ఆయన పోలీసు కాబట్టి ఆ మాట ఆయనకు వెంటనే ఎక్కింది. ముగ్గురిని వేరువేరుగా కూర్చోబెట్టి అడగడమన్న మాట అన్నాడు. అలాగే అనుకోండి అన్నాను.

ఆ గొట్టాలతో రాత్రే రెండు యాంటెనాలు చేసుకుని, మర్నాడు మంచు విడిచి నేల ఆరాక, కోరుట్ల బయట కోసిన వరి మడిలో దిగాం. మడి గంగవ్వ అనే ముసలామెది. లక్ష్మీరాజం తనే అడిగి నూలు తాళ్ళు ఇచ్చి పంపాడు. ఇనుప మేకు ఒక్కటి కూడా వాడకుండా వెదురు బొంగులు కట్టి, మడికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి నిలబెట్టాం. ఆ చివర యాంటెనాకు బ్యాటరీతో నడిచే సిగ్నల్ జనరేటరు, ఈ చివరదానికి మీటరు. తరంగం నేరుగా వచ్చేది ఒకటి, నేలకు తగిలి వచ్చేది ఒకటి. రెండూ ఒక ఎత్తులో కలిసి బలపడతాయి, ఇంకో ఎత్తులో ఒకదాన్నొకటి మింగేస్తాయి. అందుకని అందుకునే యాంటెనాను తాడుతో మెల్లగా పైకి లాగుతూ, కిందికి దించుతూ మీటరు ఎక్కడ అన్నిటికంటే ఎక్కువ చూపిస్తుందో పట్టుకోవాలి. తాడు రాజేశం చేతిలో. "ఎక్కిచ్చుడు, దించుడు, ఎక్కిచ్చుడు, దించుడు. ఆగస్టు పదిహేను జెండాకు గూడ గింత సేపు పట్టది మేడం" అని సణుగుతూనే లాగుతున్నాడు.

తల ఎత్తి చూసేసరికి గట్ల మీద జనం. ఎప్పుడొచ్చారో తెలియదు. మగవాళ్ళు తలగుడ్డలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. గంగవ్వ కొంగులో బంతిపూలు మూటగట్టుకుని గట్టు దిగి నా దగ్గరికి వచ్చి, "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని అడిగింది. నాకు ముందు అర్థం కాలేదు. ఆ రోజుల్లో అక్కడ పొలంలో బొంగు పాతి తాడుతో ఏదైనా పైకి ఎత్తారంటే అర్థం ఒక్కటే. అడవిలో ఎవరో చనిపోయారు, వాళ్ళ కోసం జెండా ఎత్తుతున్నారు. ఎవరూ పోలేదమ్మా అన్నాను. ఇంకా పోలేదు అని నా లోపల ఎవరో అన్నారు.

రాజేశం తనకు చేతనైనట్టు చెప్పాడు, గాలిని కొలుస్తున్నామని. గంగవ్వ నోరు తెరిచింది. "గాలినా? పోలీసోళ్ళు ఆఖరికి గాలిని గూడ ఇడిచిపెడ్తలేరా?"

అప్పుడు చూశాను, సూది ఊగుతోంది. మీటరు సూది ఒకచోట నిలవడం లేదు. ముందు జనం వల్ల అనుకున్నాను, తీరా చూస్తే కారణం అవతలి గట్టు మీద కాపలా తిరుగుతున్న కానిస్టేబుళ్ళు, వాళ్ళ భుజాల మీది రైఫిళ్ళు. పొడుగాటి ఇనుము తరంగం దారిలో తిరుగుతుంటే ఏ కొలతా నిలవదు. రైఫిళ్ళు రోడ్డు మీదికి, జీపు దగ్గరికి పంపించమన్నాను. డీఎస్పీ ససేమిరా అన్నాడు. మా ప్రాణాలకు తనది పూచీ అని, ఇలాంటి మడిలో ఆయుధం లేకుండా నిలబడటమంటే తన మనుషులను చేజేతులా అప్పగించడమని అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. నేను వాదించలేదు. ఒక కానిస్టేబుల్‌ను రైఫిలుతో నాలుగడుగులు ముందుకు నడవమని, డీఎస్పీని మీటరు చూడమని అడిగాను. కానిస్టేబుల్ నడిచాడు, సూది పడిపోయింది. వెనక్కి వెళ్ళాడు, సూది లేచింది. మళ్ళీ నడిపించాను. డీఎస్పీ సూదినీ, రైఫిలునూ, గట్ల మీద జనాన్నీ చూశాడు. చివరికి రైఫిళ్ళు రోడ్డుకు పంపించాడు. తన నడుముకున్న పిస్టలు కూడా తీసి ఇచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కలలా గుర్తుంది. మడంతా గడ్డి రంగు వెలుతురు. కొంగలు వచ్చి వాలి, మా బొంగులను చూసి, పట్టించుకోకుండా నడుచుకుంటూ పోయాయి. గంగవ్వ పల్లికాయ తెప్పించి పంచింది. రైఫిళ్ళు లేక చేతులు ఏం చేసుకోవాలో తెలియని కానిస్టేబుళ్ళు గట్టు మీద చతికిలబడి పల్లికాయ ఒలుచుకున్నారు. వాళ్ళ పక్కనే తలగుడ్డలు మళ్ళీ చుట్టుకున్న రైతులు. వాళ్ళలో పొద్దున్నే అడవిలోంచి వచ్చినవాడు ఎవడైనా ఉన్నాడేమో నాకు తెలియదు, ఆ పూట ఎవరూ అడగలేదు. పల్లిపొట్టు చిటచిటా, హెడ్‌ఫోన్లో పలచని సముద్రం, మధ్యలో రాజేశం తాడు కిర్రుమనడం. పైకి, కిందికి. జత మార్చడం, మళ్ళీ పైకి, కిందికి. నా జీవితంలో ఇంత నిశ్శబ్దమైన చోట నేను ఎప్పుడూ కొలవలేదు.

మూడు జతలూ అయ్యాక గడ్డి మీద కూర్చుని లెక్క కట్టాను. యూసుఫ్ గొట్టాలతో చేసిన రెండు యాంటెనాలూ పుస్తకంలో చెప్పినట్టే బుద్ధిగా ఉన్నాయి. మా శాఖ యాంటెనా మాత్రం పట్టిక చెప్పినదానికి వందరెట్లు ఎక్కువ బలాన్ని మీటరుకు అందిస్తోంది. వందరెట్లా! నేను నమ్మలేదు. పొరపాటు నాదే అనుకుని మూడు జతలూ మళ్ళీ కొలిచాను. రాజేశం ఈసారి సణగలేదు. వంద అంటే వందే.

ఇంత తేడాకు కారణం యాంటెనా నడుము దగ్గరున్న డబ్బాలోనే ఉండాలి. దానికి స్టోర్సు వాళ్ళ లక్క ముద్ర ఉంది. పై అధికారి అనుమతి లేకుండా దాన్ని పగలగొట్టడం నిబంధనలకు విరుద్ధం. డీఎస్పీని, ఇద్దరు రైతులను సాక్షులుగా కూర్చోబెట్టుకుని పగలగొట్టాను. లోపల రెసిస్టర్లు ఉండాల్సిన చోట వాటి కత్తిరించిన కాళ్ళ మొదళ్ళు, వాటి మధ్య ఒక రాగి తీగ. విదేశీ కంపెనీ కావాలనే అక్కడ రెసిస్టర్లు పెట్టి, వచ్చిన బలంలో నూరో వంతు మాత్రమే లోపలికి వదిలింది. కొలత నిలకడగా ఉండాలంటే అలా చేస్తారు. మా వర్క్‌షాపులో ఎవరో మంచివాడు, ఇవి సిగ్నల్‌ను అన్యాయంగా తినేస్తున్నాయనుకుని తీసేసి, నేరుగా తీగ కలిపాడు. యాంటెనా బ్రహ్మాండంగా పనిచేసి ఉంటుంది. పట్టిక మాత్రం లేని రెసిస్టర్ల పేర వంద రెట్లు కలుపుతూనే పోయింది.

అంటే ఎంత అని అడిగాడు డీఎస్పీ. ఒకటి రెండు వాట్లు కాదు, అందులో నూరో వంతు అన్నాను. దానితో టార్చి బల్బు కూడా వెలగదు. బూస్టరు కూస్తే సరిగ్గా అంతే ఉంటుంది, వేరే సెట్టు ఏదీ లేదు.

డీఎస్పీ పరుగులాంటి నడకతో జీపు దగ్గరికి వెళ్ళి వైర్‌లెస్ అందుకున్నాడు. రెండు మాటలు విని, ముఖం మార్చుకుని నావైపు తిరిగాడు. ప్రయాణం ముందుకు జరిగింది. రేపు కాదు, ఈ సాయంత్రమే తీసుకెళ్తున్నారు. ఆయన మళ్ళీ మైకు నొక్కి, "కదిలించొద్దు, నేను వస్తున్నాను, నేను వచ్చేదాకా కదిలించొద్దు" అన్నాడు. జవాబు లేదు. మళ్ళీ అన్నాడు. గరగర తప్ప ఏమీ లేదు. అంత ఇష్టంగా బతుకంతా విన్న ఆ గరగరను ఆ రోజు మొదటిసారి అసహ్యించుకున్నాను.

దారిలో దుకాణం దగ్గర షాహిదాను ఎక్కించుకున్నాం. కోరుట్ల నుంచి జగిత్యాల దూరం కాదు. ఆ పూట మాత్రం రోడ్డే మా కిందినుంచి జారిపోతూ, మేము ఉన్నచోటే ఉన్నట్టు అనిపించింది. పొద్దు గుంకుతోంది. మంచు మళ్ళీ దిగుతోంది. గడపల మీద కార్తీక దీపాలు పెడుతున్న ఆడవాళ్ళు చేతులు అడ్డం పెట్టుకుని జీపు వంక చూస్తున్నారు. షాహిదా నా యాంటెనా ఒళ్ళో పట్టుకుని కూర్చుంది, పసిపిల్లను పట్టుకున్నట్టు.

బంగళా ఆవరణలో ఒక జీపు ఇంజను ఆన్ చేసి ఉంది. వెనక సీట్లో తల వంచుకుని ఒక మనిషి. షాహిదా దిగి, "ఏమండీ" అని పిలిచింది. ఆ మనిషి తల ఎత్తలేదు. రెండోసారి పిలిచింది. పక్కనున్నవాడు మోచేత్తో పొడిస్తే అప్పుడు ఎత్తాడు. యూసుఫే.

మఫ్టీలో ఉన్న అధికారికి డీఎస్పీ అంతా చెప్పాడు. ఆయన నావైపు తిరిగి, "మొన్న మీ శాఖే ఒకటి జెప్పె. ఇయ్యాల మీరొకటి జెప్తుండ్రు. రేపు మూడోది జెప్తరా?" అని అడిగాడు. రేపు ఎవరు కొలిచినా ఇదే వస్తుందన్నాను. తర్వాత ఇంకో మాట అన్నాను. కొలత ఎలా జరిగిందో, ఎవరి ఎదుట జరిగిందో, ఏ మనిషి విషయమై జరిగిందో మా రిపోర్టులో రాయడం మా పద్ధతి. ఈ సాయంత్రం యూసుఫ్‌ను ఇక్కడ ప్రాణాలతో చూశానని కూడా రాస్తాను అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చివరికి చేయి ఊపాడు. డ్రైవరు ఇంజను ఆపాడు.

కొద్దిరోజులకు యూసుఫ్‌ను ఇంటికి పంపేశారు.

ఆ ఫాల్గుణంలో బూస్టర్లన్నిటికీ కూత రాకుండా చిన్న మార్పులు చేయించే పని మీద మళ్ళీ కోరుట్ల వెళ్ళాను. యూసుఫ్ నన్ను చూసి లేచి నిలబడి కుర్చీ తుడిచాడు. మనిషి బాగానే ఉన్నాడు. నేను చెప్పిన మార్పును ఒక్కసారిలో పట్టుకుని, అప్పటికప్పుడు ఒక బూస్టరు విప్పి చేసి చూపించాడు. ఇయర్‌ఫోన్ మేకు బల్లకు ఎడమవైపు మారింది. ఎడమ చెవికే పెట్టుకుని వింటున్నాడు. షాహిదా ఛాయ్ తెచ్చి ఏదో అడగబోయి ఆగింది. అతను ఇయర్‌ఫోన్ తీసేదాకా అలాగే నిలబడి ఉంది. నేను చూస్తున్నానని గమనించి, "ఇప్పుడు రేడియోకు, నాకు గా ఒక్క చెవే ఆపా" అంది.

హైదరాబాదు వచ్చాక నేను మా శాఖలో పట్టుబట్టి ఒక నిబంధన పెట్టించాను. నేను రిటైరయ్యేదాకా అది అమల్లో ఉంది, ఇప్పుడు ఉందో లేదో తెలియదు. ఒకసారి దెబ్బతిని బాగైన దాన్ని పాత పట్టికతో కొలవకూడదు. పిడి అదే కావచ్చు, నంబరు అదే కావచ్చు, పని మునుపటికంటే బాగానే చేస్తుండవచ్చు. అయినా మళ్ళీ మొదటినుంచి కొలవాలి.